ఎఫ్‌పీఎస్ ఎక్కువే, ఆట మాత్రం తడబడుతోంది!

ప్రశ్న: నా పీసీలో ఆర్‌టీఎక్స్ 3060 టీఐ 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది. 4కె టీవీకి కలిపి సైబర్‌పంక్ 2077 ఆటను అల్ట్రా (బాగా ఎక్కువ నాణ్యత) సెట్టింగ్‌లో ఆడితే 35 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) దాటడం లేదు. మా బావ పీఎస్5 (ప్లేస్టేషన్ 5 కన్సోల్)లో అదే ఆట 60తో నడుస్తోంది. కార్డు పాడైందా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కార్డుకేం కాలేదు, పోలికే సరిగా లేదు. మీ బావగారు ఆడుతున్నది పెర్ఫార్మెన్స్ మోడ్. అందులో రిజల్యూషన్ స్థిరంగా ఉండదు. వీధిలో జనం, పొగ, పేలుళ్లు ఎక్కువైతే దానంతటదే తగ్గుతుంది, ఆ బొమ్మనే 4కెకు పెంచి చూపిస్తుంది. రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) మోడ్‌కు మార్చి చూడమనండి, 30కి దిగుతుంది. మీరేమో అసలు సిసలు 4కె, అదీ అల్ట్రాలో కావాలంటున్నారు!

ముందు రే ట్రేసింగ్ ఆపేయండి. డీఎల్ఎస్ఎస్‌ను (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎన్విడియా సదుపాయం) క్వాలిటీలో పెట్టండి. అప్పుడు కార్డు గీసేది 1440పీ మాత్రమే. స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్ (ప్రతిబింబాలు), వాల్యూమెట్రిక్ ఫాగ్ (పొగమంచు) కార్డుకు బాగా బరువైనవి. వాటిని హైకి, అవసరమైతే మీడియంకు దించండి. సోఫాలోంచి చూస్తే ఆ తేడా దాదాపు తెలియదు. ఇంకా 60 నిలవకపోతే డీఎల్ఎస్ఎస్ పెర్ఫార్మెన్స్ (లోపల 1080పీ) పెట్టి, 60 దగ్గర క్యాప్ చేయండి (అంతకు మించకుండా ఆపండి). ఇక రెంటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు, కాకపోతే ఒకే వీధిలో, ఒకే వాతావరణంలో చూడాలి. వానలో ఒకటి, ఎండలో ఒకటి చూస్తే లాభం లేదు.

ప్రశ్న: పీసీలో ఎఫ్‌పీఎస్ కౌంటర్ 80 చూపిస్తున్నా, కొత్త చోటికి వెళ్లగానే ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. కన్సోల్‌లో ఈ బాధ కనిపించదెందుకు? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కౌంటర్ చెప్పేది సెకనుకు లెక్క. 79 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లలో వచ్చి, ఒక్కటి 200 మిల్లీసెకన్లు పట్టినా అది 80 అనే చూపిస్తుంది. కంటికి గుచ్చుకునేది ఆ ఒక్కటే. అందుకే రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం) గ్రాఫ్ పెట్టుకోండి, గీత ఎక్కడ పైకి ఎగిరిందో తెలుస్తుంది.

ఒక్కో పీఎస్5 మోడల్‌లో ఒకే రకం చిప్ కాబట్టి షేడర్లను (బొమ్మ ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు) స్టూడియోవాళ్లే కంపైల్ చేసి, అంటే చిప్‌కు అర్థమయ్యేలా మార్చి పంపిస్తారు. పీసీలో కార్డును బట్టి, డ్రైవర్‌ను బట్టి ఆ పని మీ మెషీన్ మీదే జరగాలి. మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే షేడర్ కంపైలింగ్‌ను మధ్యలో ఆపకండి. డ్రైవర్ మార్చాక అది మళ్లీ రావడం మామూలే.

ఒక చిన్న పరీక్ష: ఆట మూయకుండా అదే దారిలో రెండోసారి వెళ్లండి. కుదుపు పోతే కారణం చాలావరకు షేడర్లే. పోకపోతే వీడియో మెమరీ చూడండి. 8 జీబీ కార్డు నిండిపోయి ఉంటే టెక్స్చర్లు (వస్తువుల మీది పైపూత బొమ్మలు) ఒక మెట్టు దించండి. 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉన్నా ఇబ్బందే, రెండు 8లు మేలు. కొన్ని ఆటల్లో ఇవన్నీ చేసినా కుదుపు పోదు. అది తయారీ లోపం, అప్‌డేట్ వచ్చేదాకా ఆగాల్సిందే.

ప్రశ్న: పీఎస్5లో 40 ఎఫ్‌పీఎస్ మోడ్ వల్ల ఉపయోగముందా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంది. ఫ్రేముకు 30లో 33.3 మిల్లీసెకన్లు, 60లో 16.7, 40లో 25, అంటే సరిగ్గా మధ్యన. అయితే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు తెరను రిఫ్రెష్ చేసే) టీవీ ఉండాలి, ఒక్కో ఫ్రేమును మూడు రిఫ్రెష్‌ల పాటు చూపిస్తుంది కాబట్టి. 60 హెర్ట్జ్ టీవీలో అయితే 60ని 40తో సమంగా భాగించలేం. స్క్రీన్ అండ్ వీడియో సెట్టింగ్స్‌లో 120 హెర్ట్జ్ అవుట్‌పుట్‌ను ఆటోమేటిక్‌లో ఉంచండి. చాలా టీవీల్లో అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులూ 120కి పనికిరావు, ఏది పనికొస్తుందో మాన్యువల్‌లో చూసి దానికే కేబుల్ పెట్టండి.