డాక్టర్ సలహా: ఫాస్ఫరస్ మాత్ర అన్నంతోపాటే కడుపులోకి వెళ్లాలి

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా నాన్నగారికి 58 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. కిందటి నెల రక్తపరీక్షలో ఫాస్ఫరస్ 7.4 వచ్చింది, చాలా ఎక్కువన్నారు. ఒళ్లంతా దురద, రాత్రిళ్లు నిద్ర లేదు. పాలు, గుడ్లు, చేపలు అన్నీ మాన్పించేశాం. ఫాస్ఫరస్ తగ్గడానికి ఇచ్చిన కాల్షియం అసిటేట్ మాత్రలు రోజూ పడుకునే ముందు వేస్తున్నాం. అయినా తగ్గలేదు, పైగా మనిషి చిక్కిపోతున్నారు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు శ్రద్ధగానే చూసుకుంటున్నారు. కానీ మాత్ర వేసే వేళ తప్పింది. ఆ మాత్ర రక్తంలోని ఫాస్ఫరస్‌ను నేరుగా లాగేసేది కాదు. తిన్న తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టుకుని, మలంతోపాటు బయటకు పంపుతుంది. అన్నం తిన్న రెండు గంటలకు వేస్తే పట్టుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు. అందుకే భోజనం మధ్యలోనో, చివరి ముద్దతోనో వేయాలి. ఏ పూట ఎన్ని వేయాలో మీ నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) అడగండి. ఎక్కువ తినే పూట ఎక్కువ మాత్రలు పడేలా ఆయన సర్దుతారు. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మలబద్ధకం వచ్చిందని చాలామంది చెప్పకుండా మానేస్తుంటారు. అలా చేయొద్దు, డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. ఇదే పని చేసే సెవెలమర్ మాత్రలు ఇస్తే వాటిని నలగ్గొట్టకుండా మింగించాలి. లాంథనమ్ ఇస్తే బాగా నమలాలి.

డయాలసిస్ జరుగుతోందిగా, మాత్ర ఎందుకని అనిపించవచ్చు. ఈ లెక్క చూడండి. రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తింటే, అందులో సుమారు 600 ఒంటికి పడుతుంది. వారానికి 4,200 అవుతుంది. నాలుగు గంటల డయాలసిస్‌లో పోయేది దాదాపు 800, అంటే మూడుసార్లకు 2,400. మిగిలింది ఒంట్లోనే పేరుకుంటుంది. కాళ్లు లాగుతున్నాయని అరగంట ముందే మిషన్ నుంచి లేచిపోతే ఇంకా మిగులుతుంది. ఫాస్ఫరస్ కణాల్లోంచి రక్తంలోకి నెమ్మదిగా వస్తుంది, కాబట్టి పూర్తి సమయం కూర్చోవాల్సిందే.

ఇక తిండి. నాన్నగారు చిక్కిపోవడమే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. డయాలసిస్ చేయించుకునేవారికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. అన్నీ మాన్పిస్తే కండ కరిగిపోతుంది. గుడ్డులో ఫాస్ఫరస్ దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది, తెల్లసొనలో నామమాత్రం. కాబట్టి తెల్లసొనలు రోజూ పెట్టండి. చికెన్, చేప ముక్కలను ముందు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే కొంత ఫాస్ఫరస్ పోతుంది. ముళ్లతోసహా నమిలేసే నెత్తళ్లు, ఎండు చేపలు మాత్రం వద్దు. మీ ప్రాంతంలో చేతికి అందేది జీడిపప్పు. వంద గ్రాముల జీడిపప్పులో 500 మిల్లీగ్రాములకు పైనే ఫాస్ఫరస్ ఉంటుంది, కూరల్లో కూడా వేయకండి. పాలు కొద్దిగా, టీలోకి మాత్రమే.

వీటన్నిటికంటే పాడు చేసేది ప్యాకెట్ తిండి. పప్పుల్లోని ఫాస్ఫరస్ సగానికి మించి ఒంటికి పట్టదు. కానీ నిల్వ కోసం, రుచి కోసం కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం పట్టేస్తుంది. కోలా డ్రింకులు, సాసేజ్‌లు, నగ్గెట్లు, చీజ్ స్లైసులు మానాలి. ప్యాకెట్ వెనుక 338 నుంచి 341 వరకు, 450 నుంచి 452 వరకు నంబర్లు (ఇలా కలిపే ఫాస్ఫేట్లవే) కనిపిస్తే పక్కన పెట్టేయండి. మలబద్ధకానికి ఫాస్ఫేట్ ఎనిమా కూడా వాడకూడదు.

దురదకు ఫాస్ఫరస్ ఒక కారణం మాత్రమే. చర్మం పొడిబారడం, డయాలసిస్ చాలకపోవడం కూడా కారణాలే. స్నానం చేసిన వెంటనే కొబ్బరినూనె రాయండి. కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) పరీక్షలు కూడా చేయించండి. పీటీహెచ్ బాగా పెరిగితే ఎముకల్లోంచి ఫాస్ఫరస్ రక్తంలోకి వస్తుంది, అప్పుడు పథ్యం ఒక్కటే చాలదు. కాల్సిట్రియాల్ లాంటి విటమిన్-డి మందు వాడుతుంటే అదీ డాక్టరుకు చూపించండి, అది ఫాస్ఫరస్‌ను పేగుల నుంచి ఎక్కువగా లాగుతుంది. కాల్షియం ఎక్కువగా ఉంటే ఇప్పుడు వాడే మాత్రే మార్చాల్సి రావచ్చు.

నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించేటప్పుడు డయాలసిస్ మొదలుపెట్టే ముందే రక్తం తీయించండి. అయ్యాక తీస్తే తక్కువ చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.