సిండీ షెర్మన్ తొలి ఫోటోలకీ సెల్ఫీలకీ తేడా ఏమిటి?

అమెరికన్ ఫోటోగ్రాఫర్ సిండీ షెర్మన్ తొలినాళ్ల ఫోటోల ప్రదర్శన చూశానని, ప్రతి ఫోటోలోనూ ఆమే వేషం మార్చుకుని ఉందని, ఇవి సెల్ఫీలు కాక ఇంకేమిటని మీరు అడిగారు. హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ చదివేటప్పుడు లైబ్రరీలో ఆ ఫోటోల పుస్తకం చూసి నేనూ అదే అనుకున్నాను. నల్లగొండలో మా ఇంటి వసారాలో ట్రైపాడ్ పెట్టుకున్న రోజున ఆ అనుమానం తీరింది.

ముందు నా పెళ్లిచూపుల ఫోటో సంగతి చెప్పాలి. నాకు 23 ఏళ్లప్పుడు ఒక స్టూడియోకి తీసుకెళ్లారు. తల కొంచెం వంచమన్నారు, పళ్లు కనపడకుండా నవ్వమన్నారు. నాది మా నాన్న రంగు, బాగా నలుపు. చేతికొచ్చిన ఫోటోలో మాత్రం తెల్లగా మెరిసిపోతున్నాను. మా పెద్దమ్మ చూసి "లచ్చిమి లెక్కున్నవ్ బిడ్డా" అంది, ప్రేమతోనే. నాకు ఏడుపొచ్చింది. రాబోయే వాళ్లు చూడాలనుకునేది ఆ ఫోటోలో అమ్మాయిని కదా!

1977లో న్యూయార్క్‌లో 'అన్‌టైటిల్డ్ ఫిల్మ్ స్టిల్స్' మొదలుపెట్టేనాటికి షెర్మన్‌కూ 23 ఏళ్లే. 1980 దాకా తీసినవి, మొత్తం 70 బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు. ఒకప్పుడు సినిమా హాలు బయట అద్దాల పెట్టెలో పెట్టే స్టిల్స్‌లా ఉంటాయి. అయితే ఆ సినిమాలు ఎక్కడా లేవు. సింకు దగ్గర నిలబడిన గృహిణి, పట్నానికి కొత్తగా వచ్చిన ఉద్యోగిని, రోడ్డు పక్కన సూట్‌కేసుతో ఒంటరిగా ఒక అమ్మాయి. వేటికీ పేర్లు లేవు, నంబర్లే. అయినా ఈమె మోసపోయింది, ఈమె ఎవరికోసమో చూస్తోంది అని మనమే కథ అల్లేస్తాం. ఎప్పుడూ కలవని ఈ ఆడవాళ్లు మనకు ముందే ఎలా తెలుసు? నాకు ఆ ఫోటోలన్నీ అడిగేది ఇదే అనిపిస్తుంది. వీటిని తన స్వీయచిత్రాలని ఆమె ఒప్పుకోదు కూడా.

సెలవుల్లో నేనూ ప్రయత్నించాను. మా అవ్వ నారాయణపేట చీర గోచి పోసి కట్టుకుని, పది సెకన్ల టైమర్ పెట్టి గడప మీద కూర్చున్నాను. గేటు దగ్గరికొచ్చిన పక్కింటామె "ఎవలమ్మా, ఎవలింటికొచ్చినవ్?" అని అడిగింది. ఫోటో చూసుకుంటే నా నడుము అవ్వ నడుములాగే వంగి ఉంది! తర్వాత పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. ఎలా కూర్చోవాలో చెప్పడానికి ఈసారి ఎవరూ లేరు. అయినా తల దానంతటదే వంగింది, పెదవులు మూసుకున్నాయి. ఆ ఫోటో ముందు చాలాసేపు ఉండిపోయాను.

షెర్మన్ చేసినవన్నీ నాకు నచ్చుతాయని కాదు. 1976లో తీసిన 'బస్ రైడర్స్'లో బస్సు ప్రయాణికుల వేషాలు వేస్తూ కొన్నిటిలో ఒంటికి నల్లరంగు పూసుకుంది. దానిమీద తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. స్టూడియోలో నా రంగే చెరిపేశారు కాబట్టి, ఆ ఫోటోలు నేను మామూలుగా చూడలేను.

ప్రదర్శనకు మళ్లీ వెళితే ఆమె చేతుల వైపు చూడండి. కొన్ని ఫోటోల్లో కెమెరా నొక్కే కేబుల్ కనిపిస్తుంది. కొన్ని మాత్రం స్నేహితులు, ఇంట్లోవాళ్లు నొక్కినవి. ఎలా కనపడాలన్న నిర్ణయం మాత్రం ఆమెదే. అలాగే బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్. పని వెతికి చూడండి. 2000-2004 మధ్య ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నితో కలిసి చేసిన ఫోటోల్లో రవివర్మ లక్ష్మిగా తానే నిలబడింది. మా పెద్దమ్మ మాట గుర్తొచ్చి ఆ ఫోటో దగ్గర ఆగిపోయాను.

వీలైతే మీ అమ్మగారినీ తీసుకెళ్లండి. సింకు దగ్గర నిలబడి వెనక్కి చూస్తున్న మూడో నంబరు ఫోటో మా అమ్మకు చూపిస్తే, ఆమె కథేమీ అల్లలేదు. "ఎవలో పిలిసినట్టున్నరు, పని ఇడిసి పోవాల్నా అని చూస్తున్నది" అంది.