వాటాలు ఎక్కువున్నా ఓటు ఒక్కటేనా?

ప్రశ్న: మా పొదుపు పరపతి సంఘంలో అందరికంటే ఎక్కువ వాటాలు నావే, డిపాజిట్ కూడా పెద్దదే. మహాజన సభలో మాత్రం నాదీ ఒక్క ఓటే, ఒకే ఒక్క వాటా ఉన్న ఆయనదీ ఒక్క ఓటే. ఏటా వచ్చే మిగులంతా (లాభమంతా) పంచకుండా రిజర్వులో, అంటే సంఘం నిల్వ నిధిలో వేస్తున్నారు. బయటికి వెళ్తానంటే వాటాకు కట్టిన సొమ్మే ఇస్తామంటున్నారు. రెండేళ్లుగా లెక్కలు కూడా సభలో పెట్టలేదు. కేసు వేయొచ్చా?

జవాబు: ఓటు గురించి అయితే వేయకండి, ఫీజు దండగ. మీరు సంఘాన్ని కంపెనీలా చూస్తున్నారు. కంపెనీలో మామూలుగా షేరుకో ఓటు, ఇక్కడ మనిషికో ఓటు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది పెట్టుకున్న సహకార దుకాణం నాటి నుంచీ ఇదే పద్ధతి, అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో ప్రకటించిన ఏడు సూత్రాల్లో రెండోదీ ఇదే. ప్రాథమిక సంఘాల్లో, అంటే మీదిలా మనుషులే నేరుగా సభ్యులైన సంఘాల్లో, అందరికీ సమాన ఓటు, అంతే. సంఘాలే సభ్యులుగా ఏర్పడే సమాఖ్యల్లో లెక్క వేరుగా ఉండొచ్చు గానీ మీది ఆ కోవలోకి రాదు.

రిజర్వు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీలాంటివాళ్లకు ఎక్కువ మండేది అక్కడే (నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కోపం ఇదే). జర్మనీలో రైఫైజెన్ అనే ఆయన పల్లెటూళ్ల రైతులకోసం పరపతి సంఘాలు పెట్టినప్పుడు సభ్యుల బాధ్యతకు పరిమితి లేదు, అంటే ఒకడు అప్పు ఎగ్గొట్టి సంఘం మునిగితే మిగతావాళ్ల ఆస్తుల మీదికి వచ్చేది. ఆ భయానికి విరుగుడుగానే మిగులును పంచుకోకుండా, ఎవరికీ విడిగా చెందని ఉమ్మడి నిధిగా కూడబెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల బాధ్యత వాటా వరకే, అయినా నష్టం వస్తే ముందు తట్టుకునేది ఆ నిధే. 1995 సూత్రాల్లో మూడోది కూడా మూలధనంలో కొంత భాగమైనా ఉమ్మడి ఆస్తిగా ఉండాలనీ, వాటా సొమ్ము మీద ప్రతిఫలం ఇచ్చినా పరిమితంగానే ఉండాలనీ అంటుంది. అందుకే బయటికి వెళ్లేటప్పుడు రిజర్వులో మీ పాలు ఇమ్మని అడిగితే సాధారణంగా నిలబడదు. మిగులు పంచాలని సభ తీర్మానించినా అది వాటాలను బట్టి కాదు, సంఘంతో చేసిన లావాదేవీలను బట్టి పంచడమే సహకార పద్ధతి.

ఇంకో మాట, డిపాజిట్‌నీ వాటానీ కలిపేస్తున్నారు. డిపాజిట్ సంఘం మీకు బాకీ, గడువు తీరితే ఇవ్వాల్సిందే. వాటా అలా కాదు, అది సంఘం మూలధనం. నష్టాలుంటే తగ్గొచ్చు, నోటీసు గడువు తర్వాతే ఇస్తామని కూడా బైలాస్‌లో (సంఘం సొంత నియమావళిలో) రాసి ఉండొచ్చు.

ఒక చిక్కు ఏమిటంటే, ఈ సూత్రాలు వాటంతట అవే చట్టం కావు. మీ చట్టంలోనో, సంఘం బైలాస్‌లోనో ఉన్న మాటే కోర్టులో చెల్లుతుంది. కాబట్టి ముందు రిజిస్టరైన బైలాస్ కాపీ తెచ్చుకోండి, ఎవరో చెప్పింది నమ్మకండి.

మీరు చివర్లో ఒక ముక్క రాసి వదిలేశారు చూడండి, రెండేళ్లుగా లెక్కలు పెట్టలేదని. అసలు కేసు అదండీ! మనిషికో ఓటు అన్నాక ఆ మనిషికి లెక్కలు తెలియకపోతే ఆ ఓటు ఎందుకు? పాలకవర్గం సభ్యులకు జవాబుదారీగా ఉండాలని అదే రెండో సూత్రం చెబుతోంది, పైగా ఆడిట్ చేయించి లెక్కలు సభ ముందు పెట్టమని సహకార చట్టాలు మామూలుగా నిర్బంధిస్తాయి. ఇక్కడ మీ పెద్ద వాటా మీకేమీ అదనపు బలం ఇవ్వదు, ఒక్క వాటా ఉన్నాయన వేసినా ఇదే కేసు.

ఆడిట్ రిపోర్టు, బ్యాలెన్స్ షీటు, పాలకవర్గం వాళ్లకూ వాళ్ల బంధువులకూ ఇచ్చిన అప్పుల జాబితా కావాలని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. కదలకపోతే బైలాస్‌లో చెప్పినంతమంది సభ్యుల సంతకాలతో ప్రత్యేక సభ పెట్టమని కోరండి. ఆ ఒక్క వాటా ఆయన సంతకం కూడా మీకు కావాలి, ఆయనతో గొడవ పెట్టుకోకండి. అప్పటికీ సభ పెట్టకపోతే సంఘాల మీద అజమాయిషీ ఉన్న అధికారికి ఫిర్యాదు చేయండి, కోర్టు ఆ తర్వాత. రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వకండి, సభ్యత్వం పోతే లెక్కలు అడిగే హక్కు మీద కూడా పేచీ పెడతారు.