చూడి గినీ పంది కాళ్లు ఈడుస్తోంది.. కాల్షియం పట్టొచ్చా?

ప్రశ్న: మాకు పది కుందేళ్లున్నాయి. తెలిసినవాళ్లు ఊరు మారుతూ నెల కిందట గినీ పందుల జంటను మాకిచ్చి వెళ్లారు. ఆడది చూడిదని తర్వాత తెలిసింది. కుందేళ్ల షెడ్డులోనే, అదే దాణాతో పెంచుతున్నాం. ఇప్పుడు కిలో బరువుంది. కడుపు మీద చెయ్యి పెడితే పిల్లల కదలిక తెలుస్తోంది. వారం నుంచి వెనక కాళ్లు ఈడుస్తోంది, ఎత్తబోతే కీచుమంటోంది. మేత కూడా తగ్గించింది. కాల్షియం లోపమని నా అనుమానం. మందుల షాపు అతను కాల్షియం సీసా ఇచ్చి, పిల్లలు చనిపోకుండా నీళ్లలో కలపమని టెట్రాసైక్లిన్ పొడి కూడా ఇచ్చాడు. ఇంకా వాడలేదు. ఈతకు ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– ఒక రైతు, తెనాలి, గుంటూరు జిల్లా

జవాబు: వాడకపోవడమే మంచిదైంది. ఆ పొడిని ఇవాళే తిరిగి ఇచ్చేయండి.

మీరు రాసిన లక్షణాలు కాల్షియం కంటే విటమిన్ సి లోపానికే ఎక్కువ సరిపోతున్నాయి. కుందేలు తన ఒంట్లోనే విటమిన్ సి తయారు చేసుకుంటుంది. గినీ పందికి, మనలాగే, ఆ శక్తి లేదు. అందుకే కుందేలు దాణాలో ఆ విటమిన్ కలపరు. రెండు మూడు వారాలు అందకపోతే కీళ్లు వాచి, ముట్టుకుంటే అరుస్తుంది. మామూలుగా కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా. చాలు, చూడి మీద 30 మి.గ్రా. కావాలి. మీ దానికి లోపం కనిపిస్తోంది కాబట్టి వారం పాటు రోజుకు 50 మి.గ్రా. ఇవ్వండి. తీపి కలపని 500 మి.గ్రా. విటమిన్ సి మాత్రను 10 మి.లీ. నీళ్లలో కరిగిస్తే 1 మి.లీ.లో 50 మి.గ్రా. ఉంటుంది. సూది తీసేసిన సిరంజితో బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా తాగించండి. మిగిలింది పారబోసి, ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోండి. తాగే నీళ్లలో కలిపితే వెలుతురుకు పాడైపోతుంది, ఎంత తాగిందో కూడా తెలియదు. వారం తర్వాత 30 మి.గ్రా.కు తగ్గించి, పిల్లలు పాలు మానేవరకు ఇవ్వండి. దీనితోపాటు రోజూ చిన్న జామకాయ ముక్క, గుప్పెడు కొత్తిమీర పెట్టండి.

దాణా ఒక్కసారిగా ఆపొద్దు. ఈత ముందు రెండు వారాలు, ఈనాక ఒక వారం మేత మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి, దాన్నుంచి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పెరిగి ప్రాణం మీదికొస్తుంది. లావుగా ఉన్నవాటికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఎండుగడ్డి, గరిక ఎప్పుడూ ముందుండాలి, లూసర్న్ అనే పచ్చిమేత దొరికితే కొంచెం పెట్టండి. పూర్తిగా మేత మానేస్తే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. నేను చూడకుండా రాస్తున్నాను కాబట్టి కాళ్లను కూడా ఒకసారి చూపించండి.

ఇక ఆ పొడి సంగతి. నా దగ్గరికి ఇలాంటి డబ్బాలు పట్టుకొస్తుంటారు. లేబుల్ మీద కోడిపిల్లల బొమ్మ ఉంటుంది. కోడికి పనికొచ్చింది గినీ పందికి విషం కావచ్చు. నోటి ద్వారా ఇచ్చే టెట్రాసైక్లిన్, పెన్సిలిన్, యాంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ దీని పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే చెడ్డ క్రిమి పెరిగి, విరేచనాలు పట్టుకుని, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. జబ్బు లేకుండా ముందుజాగ్రత్తకని యాంటీబయాటిక్ ఏ జీవానికీ పెట్టకూడదు. జంతువును చూడకుండా మందు అమ్మేవాళ్ల మాట దయచేసి వినకండి. మీ కుందేళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

కుందేళ్ల షెడ్డు నుంచి దీన్ని వెంటనే మార్చండి. బోర్డెటెల్లా అనే క్రిమి కుందేలు ముక్కులో ఏ జబ్బూ చేయకుండా ఉంటుంది, గినీ పందికి సోకితే న్యుమోనియా వస్తుంది. నీడ, గాలి ఉన్న గదిలో, తీగ జాలీ లేని అడుగున్న పెట్టెలో మందంగా ఎండుగడ్డి పరవండి. జాలీలో పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి. 30 డిగ్రీలు దాటిన వేడికి చూడివి తట్టుకోలేవు, రేకుల కప్పు కింద అసలు ఉంచొద్దు.

మగదాన్ని ఇవాళే వేరు చేయండి. ఈనిన కొన్ని గంటలకే ఆడది మళ్లీ ఎదకొస్తుంది. ఈ నీరసంలో ఇంకో చూడి నిలిస్తే తట్టుకోలేదు.

చూడి కాలం 59 నుంచి 72 రోజులు. కదలిక తెలుస్తోందంటే ఆఖరి రెండు మూడు వారాల్లో ఉన్నట్టే. దాని వయసు, ఇంతకుముందు ఈనిందా లేదా అన్నది ఇచ్చినవాళ్లను తప్పక అడగండి. ఏడు నెలలు దాటాక తొలి ఈతైతే కటి ఎముకలు విడివడక పిల్ల ఇరుక్కుంటుంది. అలాంటప్పుడు ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ఎవరు చేస్తారో ముందే కనుక్కుని ఉంచుకోండి. మామూలు ఈత అరగంటలో అయిపోతుంది. 20 నిమిషాలు ముక్కినా పిల్ల రాకపోయినా, రక్తం ధారగా పోతున్నా బయల్దేరండి. లాగడం, కడుపు నొక్కడం చేయొద్దు.

పిల్లలు సాధారణంగా రెండు నుంచి నాలుగు. ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. రెండో రోజుకే గడ్డి కొరుకుతాయి. తొలి రోజు పాలు తాగకపోయినా కంగారు పడకండి, ఆవుపాలు పట్టకండి. తల్లికి రెండే చన్నులు, అయినా నాలుగింటిని సాకుతుంది. మగపిల్లల్ని 21వ రోజుకల్లా తల్లి నుంచి, తోబుట్టువుల నుంచి వేరు చేయాలి. ఆడా మగా తేడా తెలియకపోతే 20వ రోజున అన్నింటినీ బుట్టలో పెట్టుకుని మీ ఊరి పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి.