కాంప్లెక్స్ మీటింగులో నీ గంటన్నర

గుంటూరు, బ్రాడీపేట

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెల కాంప్లెక్స్ మీటింగుకి, అదే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే మీటింగుకి, నిన్ను ఆర్పీగా (శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా) వేశారని, అప్పటి నుంచి నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన పీపీటీ కూడా చూశాను. అరవై పైచిలుకు స్లైడ్లు! ముందు జాతీయ విద్యావిధానం, తర్వాత చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలనే నిపుణ్ భారత్ లక్ష్యాలు, ఆ తర్వాత బోధన సిద్ధాంతాలు. తీసివేతల గురించి చెప్పాల్సిన దానివి, తీసివేతల దగ్గరికి వచ్చేసరికి నలభై స్లైడ్లు దాటిపోయాయి. అప్పటికి భోజనాల గంట కొట్టేస్తారమ్మా.

ముందున్నవన్నీ తీసెయ్. 2020 విధానం ప్రతి టీచరుకీ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది, నిజమే. 2019లో నిష్ఠ అనే టీచర్ల శిక్షణ పథకం మొదలైంది, ఆ తర్వాత దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలో కోర్సుల మీద కోర్సులు చేసి, సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ చేసుకుని అందరూ ఆ సంగతులు వినే ఉన్నారు. రెండు ఆటోలు మారి నీ మీటింగుకి వచ్చే ఎస్‌జీటీకి, అంటే చిన్న తరగతుల టీచరుకి, కావలసింది వేరు. మర్నాడు తన క్లాసులో చేసి చూడటానికి ఒక్కటి దొరకాలి. ఒక్కటి చాలు. నీ గంటన్నరలో ఆ ఒక్కటి ఏమిటో ఒక వాక్యంలో రాసుకో. రాయలేకపోతే సెషన్ ఇంకా తయారు కాలేదని లెక్క.

నీ విషయం మంచిదే: సున్నా ఉన్న సంఖ్యల్లోంచి తీసివేత. దాన్ని ఎలా చెప్పాలో నువ్వు ఉపన్యాసం ఇవ్వకు. పిల్లల నోట్‌బుక్కులు తెచ్చి టీచర్ల ముందు పెట్టు. 402లోంచి 168 తీసెయ్యమని మీ నాలుగో తరగతికి, పక్క రెండు మూడు బడుల పిల్లలకీ ఇప్పుడే ఇప్పించు. జవాబు 234 అని రాసిన వాళ్ళ సంగతి వదిలెయ్. తప్పులు రాసిన పేజీలు ఫొటో తీసుకో. పిల్లల పేరు, బడి పేరు కనపడకుండా కత్తిరించు. ఇది మరిచిపోకు. ఆ గదిలో కూర్చున్న టీచరు తన పిల్లల తప్పు నలుగురి ముందు గుర్తు పట్టిందంటే ఇక నోరు విప్పదు.

నీకు ఎక్కువగా 366 కనిపిస్తుంది. ఆ పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. 8లోంచి 2, 6లోంచి 0, 4లోంచి 1. కొందరు 244 రాస్తారు. వాళ్ళకి అప్పు తెచ్చుకోవడం తెలుసు. వందల్లోంచి ఒకటి తగ్గించారు, ఒకట్ల దగ్గర 12 చేసుకున్నారు, కానీ పదుల దగ్గర 9 మిగలాలన్న సంగతి వదిలేసి 10లోంచి 6 తీశారు. ఇంకొందరు 204 రాస్తారు. వాళ్ళూ వందల్లోంచే అప్పు తెస్తారు, కానీ పదుల దగ్గర సున్నాలోంచి ఏమీ పోదు కాబట్టి సున్నానే అని. మూడూ తప్పులే. మూడు పేజీల మీదా మనం ఒకే రకం ఎర్ర ఇంటూ కొడతాం, మూడింటికీ 'మళ్ళీ చెయ్యి' అంటాం. కానీ ఈ ముగ్గురికీ చెప్పాల్సింది వేరు వేరు.

ఈ పేజీలు చేతికిచ్చి 'ఇందులో తప్పేమిటి?' అని అడగొద్దు. అది అందరికీ తెలుసు. '366 రాసిన పిల్లవాడికి 503లోంచి 217 తీసెయ్యమని ఇస్తే ఎంత రాస్తాడు?' అని అడుగు. ముందు ఎవరికి వాళ్ళు కాగితం మీద రాసుకోవాలి, తర్వాత పక్కవాళ్ళతో చూసుకోవాలి, ఆ తర్వాతే పైకి చెప్పాలి. 314 అని తేలుతుంది. 244 రాసిన అమ్మాయి అయితే 296 రాస్తుంది, 204 రాసిన వాడు 206 రాస్తాడు. జవాబు ముందే ఊహించగలిగారంటే ఆ పిల్లవాడి బుర్రలో ఏం నడుస్తోందో పట్టుకున్నట్టే. ఫోన్లు చూసుకునే వెనక బెంచీ వాళ్ళు కూడా ఈ లెక్క దగ్గర తల ఎత్తుతారు. దీనికి ముప్ఫై నిమిషాలు పోయినా పోనీ.

తర్వాత ఆ తప్పులకి మందు. 402 అంటే నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు ఉన్నాయి, కొట్లో ఎనిమిది రూపాయలు ఇవ్వాలి. వంద మార్చి పది పదులు తీసుకోవాలి, అందులో ఒక పది మార్చి పది రూపాయి బిళ్ళలు తీసుకోవాలి. చేతిలో ఇప్పుడు మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో 244 అమ్మాయికి అప్పుడు కనిపిస్తుంది. ఆట నోట్లు దొరక్కపోతే కాగితం ముక్కలు చాలు. ఇది నువ్వు చేసి చూపించి వదిలెయ్యకు. ప్రతి గుంపులో ఒకరు టీచరుగా, ఒకరు పిల్లవాడిగా చేసి తీరాలి. పెద్దవాళ్ళు కదా, కాస్త సిగ్గుపడతారు. నువ్వే ముందు పిల్లవాడిగా కూర్చో. శిక్షణలో విన్నది, చూసింది మాత్రమే అయితే క్లాసు దాకా చేరదని, అభ్యాసం, తర్వాత పక్కన ఉండి చూసే తోడు కూడా ఉంటేనే నిలబడుతుందని బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికా పరిశోధకులు 1980ల్లోనే చెప్పారు. మన డైట్ (జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థ) సార్లు కూడా ఏళ్ళ తరబడి ఇదే మాట చెబుతూ వచ్చారు, కాకపోతే మైకు పట్టుకుని గంటసేపు చెప్పేవారు.

ఇక టైము. నీకు గంటన్నర అని కాగితం మీద ఉంటుంది. ప్రార్థన, స్వాగతం, హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) గారి మాటలు, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు వస్తే ఆయన మాటలు, అటెండెన్స్ సంతకాలు పోగా నీకు దక్కేది గంట. ఆ గంటకే ప్లాన్ చేసుకో. ముందు రోజే హెచ్‌ఎం గారికి ఫోన్ చేసి, సర్క్యులర్లు చదివే పని చివరికి పెట్టమని అడుగు. మర్యాదగా అడిగితే కాదనరు. నీ సెషన్ భోజనాల తర్వాత వేశారా, అయితే మాట్లాడేది ఇంకా తగ్గించి చేతిపని ముందుకు జరుపు. పప్పు, గోంగూర తిని కూర్చున్న వాళ్ళని ఏ సిద్ధాంతమూ మేలుకొలపలేదు. బస్సులు పట్టుకోవాల్సిన వాళ్ళుంటారు కాబట్టి టైముకి ముగించు. అయిదు నిమిషాలు ముందే వదిలిన ఆర్పీని ఊరంతా మెచ్చుకుంటారనుకో.

ఐస్‌బ్రేకర్లు వద్దే వద్దు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మాస్టారిని తన పేరు మొదటి అక్షరంతో ఒక పండు పేరు చెప్పమనడం నాకైతే చిరాకు.

ప్రొజెక్టరునో, బడిలో గోడకున్న ఐఎఫ్‌పీ టచ్ స్క్రీన్ ప్యానెల్‌నో నమ్ముకుని వెళ్ళకు. నీ స్లైడ్లు 'అను' అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఇంకో మిషన్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలైపోతాయి. ఆరో ఏడో స్లైడ్లు ఉంచుకుని పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి పెట్టుకో. కరెంటు పోయినా ఆగకుండా ఉండాలంటే నోట్‌బుక్కు పేజీలు అరండల్‌పేటలో జిరాక్స్ తీయించి గుంపుకొక సెట్టు ఉంచు. చార్టులు, స్కెచ్ పెన్నులు బడిలో ఉంటాయిలే అనుకోకు, తీసుకెళ్ళు. కుర్చీలు ఎదురెదురుగా తిప్పించడానికి అరగంట ముందు వెళ్ళాలి. బెంచీలు వరసగా ఉన్న గదిలో గుంపు పని సాగదు. గుంపులు చేసేటప్పుడు ఏకోపాధ్యాయ బడి టీచర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టు. రెండు మూడు క్లాసులు ఒకే గదిలో నడిపే వాళ్ళ ఇబ్బందులు వేరు, వాళ్ళకి పనికొచ్చే ఉపాయం పక్కన ఉన్న అలాంటి టీచరు దగ్గరే ఉంటుంది.

ఒక సీనియర్ లేచి 'ఇవన్నీ ఏపీపీఈపీ రోజుల్లోనే చేశాంలేమ్మా' అంటారు. తప్పకుండా అంటారు. నొచ్చుకోకు, ఆయన చెప్పేది నిజమే. ఏపీపీఈపీ అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటన్ సాయంతో అది నడిచిన రోజుల్లో ఆరు సూత్రాలు ఉండేవి. చేసి నేర్చుకోవడం, చుట్టూ ఉన్న పరిసరాలని వాడటం, పిల్లల పని గోడ మీద పెట్టడం అందులోవే. టీచర్ల కేంద్రాల్లో కలిసి, చేసినది తెచ్చి చూపించుకునే అలవాటు ఉన్నచోట అవి నిలబడ్డాయి. లేనిచోట గోడ మీద చార్టులుగా మిగిలిపోయాయి. కాబట్టి ఆయన్ని 'మాస్టారూ, అప్పుడు మీరు ఈ సున్నా లెక్క దేనితో చెప్పేవారు?' అని అడుగు. చీపురు పుల్లల కట్టలతోనో, చింతగింజలతోనో అంటారు. ఆయన చేతే చేయించు, అయిదు నిమిషాలు ఇవ్వు. అంతకు మించి ఇచ్చావంటే పీఆర్సీ (జీతాల సవరణ) దాకా వెళ్తారు, చూసుకో.

తెలియని ప్రశ్న వస్తే తెలుసుకుని గ్రూపులో పెడతానని చెప్పి, పెట్టు.

చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచుతారు. అందరూ 'చాలా ఉపయోగకరంగా ఉంది' అని రాసి సంతకం పెడతారు. వాటిని చూసి పొంగిపోకు, కుంగిపోకు. వాటితో పాటు చిన్న చీటీ ఒకటి ఇవ్వు. ఈ వారం ఏ లెక్క ఇస్తారు, ఏ రోజు ఇస్తారు, అంతే. వచ్చే నెల మీటింగుకి అయిదుగురు పిల్లల పేజీలు తెమ్మని అడుగు. పది మంది తెచ్చినా నీ సెషన్ పనిచేసినట్టే. ఆ పేజీలతోనే తర్వాతి నెల మొదలుపెట్టొచ్చని హెచ్‌ఎం గారితో ఇప్పుడే ఒక మాట అని ఉంచు, లేకపోతే వచ్చే నెల ఇంకో టాపిక్ వచ్చి దీన్ని తోసేస్తుంది.

ముందు పిల్లల చేత ఆ లెక్క చేయించు. 366లు ఎక్కువ వచ్చాయో 244లు ఎక్కువ వచ్చాయో చూస్తే ఏ గుంపుకి ఏ పేజీ ఇవ్వాలో తెలుస్తుంది. శనివారం సాయంత్రం పేజీలు పట్టుకుని ఇంటికి రా, అత్తయ్య కూడా నిన్ను చూసి చాలా రోజులైందంటోంది. ఇద్దరం కూర్చుని విడదీద్దాం. పీపీటీ మాత్రం మళ్ళీ పంపొద్దు.

ఆశీస్సులతో,
మామయ్య