పెంచ్, కన్హా అడవులకు కారులో పోయే అల్లుడికి

మహబూబ్‌నగర్

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

సంక్రాంతి దాటినంక సోపతిగాళ్లు నలుగురు కలిసి జడ్చర్ల నుంచి కారులో మధ్యప్రదేశ్ అడవులకు బయల్దేరుతున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు రాసి పంపిన పట్టీ చూశాను. ఎనిమిది రోజుల్లో పెంచ్, కన్హా, బాంధవ్‌గఢ్, పన్నా, సాత్పుడా అని ఐదు పులుల అడవులున్నాయి. అందులో మూడు కొట్టెయ్. పెంచ్, కన్హా చూసి, వచ్చేటప్పుడు జబల్‌పూర్ దగ్గర నర్మద ఒడ్డునున్న భేడాఘాట్ చూసుకుంటే ఎనిమిది రోజులు నిండుగా సరిపోతాయి. పది రోజుల సెలవు దొరికితే బాంధవ్‌గఢ్ కలుపుకోండి. అంతకు మించి ఆశపడితే చూసింది రోడ్డే అవుతుంది.

ఈ ప్రయాణంలో టైమంతా అడవి గేటు చేతిలో ఉంటుంది. పొద్దుటి సఫారీకి తెల్లారేసరికి గేటు ముందు ఉండాలి. అంటే నాలుగున్నరకే లేవాలి. ముందురోజు రాత్రి పదకొండింటిదాకా స్టీరింగ్ పట్టినవాడు జిప్సీలో, అంటే అడవి తిప్పే జీపులో, కునికిపాట్లు పడతాడు, కట్టిన పైసలు మన్నుపాలు. కాబట్టి సఫారీ ముందురోజు పొద్దుమూకకముందే బసకు చేరాలి. ముందు సఫారీ తేదీలు ఖాయం చేసుకో. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చి, ఇల్లు ఏ రోజు వదలాలో తేల్చుకో.

పర్మిట్లు మధ్యప్రదేశ్ అటవీ శాఖ వెబ్‌సైటులో నెలల ముందే అమ్మకానికి పెడతారు. కోర్‌లో, అంటే అడవి నడిమి భాగంలో, సీట్లు తక్కువ కాబట్టి శని, ఆదివారాలవి ముందే అయిపోతాయి. మీరు వారం మధ్య రోజులు పట్టుకోండి, కానీ బుధవారం మధ్యాహ్నం అక్కడి పార్కుల్లో సఫారీ ఉండదు. ఆ పూట ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోవడానికి పెట్టుకుంటే ఏమీ నష్టపోరు. జిప్సీలో ఆరుగురికి చోటుంటుంది. నలుగురే ఉన్నా బండి మొత్తం తీసుకోవడం మేలు, ఎక్కడ ఆగాలో ఎంతసేపు ఆగాలో మీ ఇష్టం. పర్మిట్ రుసుము వేరు, జిప్సీ కిరాయి, గైడు రుసుము వేరు. ఆ రెండో ఖర్చు లెక్కలోకి తీసుకోకుండా బడ్జెట్ వేసుకుని అక్కడికి పోయి నాలుక కరుచుకునేవాళ్లే ఎక్కువ. పేర్లు ఆధార్‌లో ఎట్లా ఉంటే అట్లాగే, ఇంటిపేరుతో సహా రాయండి. గేటు దగ్గర అసలు కార్డు చూస్తారు, జిరాక్సు నడవదు. పర్మిట్ మనిషి పేరు మీద ఉంటుంది కాబట్టి చివర్లో ఒకడు రానంటే వాడి వాటా తిరిగిరాదు. ఈ మాట నలుగురూ ముందే ఒప్పుకుని పైసలు తీయండి.

తొవ్వ సంగతి. జడ్చర్ల నుంచి పెంచ్ పక్కనున్న ఖవాసా దాకా ఒకే రోడ్డు, మన ఊరి ముందు నుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారే. పట్నంలోకి దిగకండి. శంషాబాద్ దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి మేడ్చల్ దగ్గర దిగితే కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ సుమారు 390 కిలోమీటర్లు. మొదటి రోజు అక్కడితో ఆపండి. పొద్దుగాల ఆరింటికి బయల్దేరితే నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతానికి దిగి చూసే టైము కూడా మిగులుతుంది. జనవరిలో నీళ్లు పలచబడతాయి, అయినా ఆ రాతి అంచులు చూడదగ్గవి. లోతు తెలియని గుండాలు, నాచు పట్టిన రాళ్లు ఉంటాయి కాబట్టి నీళ్లలోకి మాత్రం దిగొద్దు. రెండో రోజు పెన్‌గంగ దాటి, పాండర్‌కవడా, హింగన్‌ఘాట్ మీదుగా నాగ్‌పూర్ బయటి నుంచే తిరిగి, మన్సర్ దాటి ఖవాసా చేరాలి. సుమారు 290 కిలోమీటర్లు. మన్సర్, ఖవాసాల మధ్య పెంచ్ అడవిలో రోడ్డును పైకెత్తి, కింద జంతువులకు తొవ్వ వదిలారు. అందులో పెద్దది 750 మీటర్ల పొడవు. పైన పోతుంటే మామూలు వంతెనలాగే అనిపిస్తుంది, కాబట్టి చెట్ల వరుస మొదలవగానే వేగం తగ్గించి చూడండి.

పెంచ్ నుంచి కన్హాకు 200 కిలోమీటర్లే అయినా నాలుగు వరుసల రోడ్డు అనుకోవద్దు. ఊళ్ల గుండా పోయే రోడ్డు, ఐదు గంటలు పెట్టుకోండి. కన్హాకు కిస్లీ, ముక్కీ, సర్హీ అని వేర్వేరు గేట్లున్నాయి. కిస్లీకి పర్మిట్ తీసుకుని ముక్కీ దగ్గర గది పట్టారంటే చీకట్లో గంటలకొద్దీ చుట్టు తిరగాలి. మొదట గేటు, తర్వాత దాని పక్కనే గది. మ్యాపులో అడవి మధ్యలోంచి దగ్గర దారి చూపించినా అది మీ కారుకు కాదు.

ఇక కారు. మొత్తం రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. సర్వీసు బయల్దేరే ముందురోజు చేయించకు. పదిహేను రోజుల ముందు చేయిస్తే వదులైన క్లిప్పు, కారే పైపు ఇక్కడే బయటపడతాయి. టైరు పక్కగోడ మీద అండాకారంలో నాలుగు అంకెలు వెతుకు. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేండ్లు దాటిన టైరు గీతలు బాగున్నా గట్టిపడిపోయి ఉంటుంది, మార్చెయ్. గీతల లోపల అక్కడక్కడా చిన్న అడ్డకట్టలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. తర్వాత అరచేత్తో టైరును అడ్డంగా, లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమిరి చూడు. ఒక దిక్కు నున్నగా జారి, ఇంకో దిక్కు రంపం పళ్లలా తగిలితే వీల్ అలైన్‌మెంట్ పోయింది. ఇట్లా వదిలేస్తే ఇంత దూరానికి టైరు ఒక అంచు తినేస్తుంది.

గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కరు మీద ఉంటుంది. చాలా కార్లకు రెండు అంకెలుంటాయి, తక్కువ మందికి ఒకటి, నిండు లోడుకు ఒకటి. మీరు నలుగురు, నాలుగు సంచులు, కాబట్టి రెండోది పట్టించు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నూరు కిలోమీటర్లు నడిచాక చూస్తే మూడు నాలుగు పౌండ్లు ఎక్కువ చూపిస్తుంది. అది వేడికి పెరిగిందే, తీయించొద్దు. తీయిస్తే మరునాడు పొద్దున గాలి తక్కువై టైరు మరింత వేడెక్కుతుంది. స్టెప్నీలో కూడా గాలి చూడు, చాలామంది మరిచేది అదే. అది సన్నపాటి టైరైతే గంటకు 80 దాటొద్దు, పంక్చరు షాపు దాకా పోవడానికే అది. డిక్కీలో బరువైన సంచులు సీటుకు ఆనించి కింద పెట్టండి, జాకీ, స్పానరు సంచుల కింద కూరుకుపోకుండా చూసుకోండి. వెనక బరువెక్కితే లైటు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడుతుంది, లైటు దించే చక్రం ఒకటి రెండు గీతలు తిప్పు.

ఫాస్టాగ్‌కు 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఏడాది పాసు వచ్చింది, 200 సార్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. అది జాతీయ రహదారుల టోళ్లకే. ఔటర్‌కు మామూలు బ్యాలెన్సు లోంచే కోత పడుతుంది, కాబట్టి ఖాతా ఖాళీగా ఉంచకు.

రాత్రి నడపొద్దు. ఇది బతిమాలి చెప్తున్నా. జనవరిలో ఆదిలాబాద్ నుంచి విదర్భ అంతా పత్తి సీజను. రోడ్డు వెడల్పు మించి పత్తి నింపిన ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి. తారు రోడ్డు వెచ్చగా ఉంటుందని బర్లు రాత్రి దాని మీదే పడుకుంటాయి, నల్లటి రోడ్డు మీద నల్లటి బర్రె పది గజాల దాకా కనపడదు. ఎడమ పక్క ఆపిన లారీకి హెచ్చరికగా రెండు రాళ్లు, ఒక కొమ్మ మాత్రమే ఉంటాయి. పగలైనా రెండు గంటలకొకసారి డ్రైవరు మారాలి, అన్నం తిన్నాక రెండు నుంచి నాలుగు దాకా మరీ జాగ్రత్త. ముందు సీట్లో కూర్చున్నవాడు నిద్రపోకూడదు, వాడి పనే డ్రైవరుతో మాట్లాడటం. ఆవులింత రెండోసారి వస్తే పాట పెంచడం, అద్దం దించడం మందు కాదు. బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోవాలి. పెంచ్ నుంచి కన్హా పోయే తొవ్వలో సివనీ ఊరు దాటాక పొద్దున మంచు దట్టంగా పడితే డిమ్ లైటు వేయండి. హైబీము వేస్తే వెలుగు మంచుకు కొట్టుకుని మన కళ్లకే తిరిగొస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వేసి నడపకండి, మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు.

చలి గురించి మీ పిల్లగాళ్లకు అంచనా ఉండదు. కన్హా మైదానాల్లో జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకడుతుంది, మీరు పోయేది పైకప్పు లేని జిప్సీలో. ఒక మందపాటి జాకెట్ కంటే పలచవి మూడు ఒకదాని మీద ఒకటి మేలు, పదింటికి ఎండెక్కుతుంటే ఒక్కొక్కటే విప్పొచ్చు. చెవులకు మఫ్లరు, చేతులకు గ్లౌజులు, బస నుంచి ఒక దుప్పటి. మట్టి రంగు బట్టలే, సెంటు కొట్టుకోవద్దు. ఫోన్లు బయటికి తీయకండి. అడవిలో గైడు బండి ఆపి ఇంజను కట్టేస్తే అందరూ నోరు మూసుకుని వినాలి. కొండముచ్చు చెట్టు మీంచి దగ్గినట్టు అరుస్తుంది, చుక్కల దుప్పి కీచుమంటుంది. కణుజు అనే పెద్ద దుప్పి ఒకే చోట నిలబడి తోక లేపి బిగ్గరగా అరుస్తుంటే పులి అక్కడే ఉందని ఎక్కువ నమ్మకం, ఎందుకంటే అది ఊరికే బెదరదు. పులి కనపడకపోతే మొహం మాడ్చుకోవద్దు. కన్హాలో బారసింగా అనే కొమ్మల కొమ్ముల దుప్పిని చూడండి. 1970లో 66 మాత్రమే మిగిలితే కంచె వేసి, గడ్డి పెంచి, మళ్లీ నిలబెట్టారు. ఆ ఒక్క జంతువు కోసం అంత దూరం పోవచ్చు.

తిండికి మీ అమ్మతో ఖడక్ జొన్న రొట్టెలు, పల్లి పొడి కట్టించుకో, వారం దాటినా చెడవు. పెరుగన్నం మొదటి మధ్యాహ్నానికే. ఖర్చుకు నలుగురూ ముందే సమానంగా వేసిన పైసలు ఒకడి దగ్గరుండాలి, వాడు ఆ రోజుది ఆ రాత్రే గ్రూపులో రాయాలి. కొంత నగదు ఉంచుకోండి, అడవి పక్క ఊళ్లల్లో సిగ్నలు పోతే ఫోన్‌పే నడవదు.

ఇంతకంటే ముందు ఒక పని చెయ్యి. ఇదే కారులో, ఇదే నలుగురితో, ఇవే సంచులతో ఒక శనివారం కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా మన్ననూరు గేటు దాటి శ్రీశైలం పోయి, రాత్రి ఉండి రా. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ గేటు మూసి ఉంటుంది, గేటు లెక్క మీద బతకడం అక్కడే అలవాటవుతుంది. మొత్తం నల్లమలలో మెల్లగా పోండి. కోతులకు ఏమీ వేయొద్దు, తిండికి రోడ్డెక్కి బండ్ల కింద పడుతున్నాయి. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో పోవాలి, బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. తిరిగొచ్చిన మరునాడు పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ గీత, నాలుగు టైర్ల గాలి చూసి రాసుకో. ఏ టైరులో ఎంత తగ్గిందో, మలుపుల్లో ఎవరికి కడుపులో తిప్పిందో నాకు రాయి. వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ రోజు ఎవరు ఎంత దూరం నడపాలో అప్పుడు చెప్తాను.

జర పైలం.

నీ మామ