కొత్త రేజరు కొనేముందు మెడ మీది పొక్కులు మాననివ్వండి

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది అమలాపురం దగ్గర పల్లె. ఏడాదిగా భీమవరంలో రూము తీసుకుని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తున్నాను. అక్కడ గడ్డం ఉండకూడదని నియమం. ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజరుతో రోజూ గీసుకుంటున్నాను. మెడ మీద, దవడ కింద ఎర్రటి పొక్కులు వచ్చి నల్లమచ్చలు మిగులుతున్నాయి. రెండువైపులా పదునుండే బ్లేడు వేసుకునే పాత రకం రేజరుకు మారితే తగ్గుతాయని స్నేహితులు అంటున్నారు. ఇంట్లో తాతగారి ఇత్తడి రేజరు ఒకటి ఉంది. దాన్ని వాడవచ్చా, కొత్తది కొనాలా? తెగుతుందేమోనని భయంగా ఉంది. ఎలా నేర్చుకోవాలో చెప్పగలరు.

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి ఇది గీసిన వెంట్రుక తిరిగి చర్మంలోకి గుచ్చుకోవడం వల్ల వచ్చే సమస్యలా కనిపిస్తోంది. వైద్యులు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బీ అంటారు. ఇది మొదలయ్యేది క్రిముల వల్ల కాదు, గీసుకునే పద్ధతి వల్లే. బ్లేడ్లు ఎక్కువున్న రేజరులో ముందరి బ్లేడు వెంట్రుకను పట్టి కాస్త పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోగా తరువాతి బ్లేడ్లు దాన్ని ఇంకా కిందికి కోస్తాయి, దాంతో మిగిలిన మొన చర్మం మట్టం కంటే లోపలికి దిగిపోతుంది. చేత్తో తడిమితే చెంప నున్నగా ఉంటుంది. కానీ మెడ మీద వెంట్రుకలు చాలామందికి వంకర తిరిగి పెరుగుతాయి కాబట్టి ఆ పదునైన మొన బయటికి రాకుండా పక్కనున్న చర్మాన్ని గుచ్చుతుంది. శరీరం దాన్ని విరిగిన ముల్లులాగే చూసి, చుట్టూ వాపు, ఎరుపు తెస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే పొక్కు మీద పలుచటి పొర కింద నల్లటి వెంట్రుక చుట్ట చుట్టుకుని కనిపిస్తుంది. క్లినిక్‌లో శుభ్రమైన సూది మొనతో ఆ పొరను కాస్త కదిపితే అది గడియారం స్ప్రింగులా చటుక్కున లేచి నిలబడుతుంది. ఇంట్లో మీరు అలా చేయవద్దు, గోళ్లతో గిల్లవద్దు. మీకు నల్లమచ్చలు మిగలడానికి గిల్లడం కూడా ఒక కారణం కావచ్చు.

మీ స్నేహితుల మాటలో నిజం ఉంది. ఒక్క బ్లేడు వెంట్రుకను చర్మం మట్టానికే కోస్తుంది, లోపలికి దిగనివ్వదు. అయితే రేజరు మారినా చెయ్యి మారకపోతే, అంటే అదే ఒత్తిడితో, గీసినచోటే మళ్లీ మళ్లీ గీస్తూ పోతే, ఈ పొక్కులు తగ్గవు. పైగా వాచిన చర్మం మీద కొత్త రేజరుతో చెయ్యి సాధన చేయడం మంచిది కాదు. కాబట్టి ముందు మూడు నాలుగు వారాలు రేజరు పూర్తిగా మానండి. ట్రిమ్మరుతో ఒక మిల్లీమీటరు వెంట్రుక మిగిలేలా కత్తిరించుకోండి. ప్లాంటులో ఒప్పుకోరని మీరు అనుకోవచ్చు. ఆహార పదార్థాల పనిలో ఆ నియమం సబబైనదే, కానీ తలకు పెట్టుకునే వలలాగే గడ్డానికి కూడా వల తొడుగులు దొరుకుతాయి. చర్మవ్యాధి నిపుణుణ్ణి కలిసి నాలుగు వారాలకు సర్టిఫికెట్ తీసుకుని మీ సూపర్‌వైజరును అడగండి. మాస్కు కింద ఎనిమిది గంటలు చెమట పట్టే మెడకు ఈ విశ్రాంతి చాలా అవసరం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన డెల్టాలో ఉక్క, తేమ ఎక్కువ కావడంతో గడ్డంలో తామర రావడం అరుదు కాదు. ఉంగరంలా గుండ్రంగా అంచు పెరుగుతూ, పొట్టు లేస్తూ, దురద ఎక్కువగా ఉన్నా, వెంట్రుకలు లాగగానే తేలిగ్గా ఊడి వస్తున్నా అది షేవింగు పొక్కు కాకపోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ కలిసిన ట్యూబులు రెండు రోజులు హాయినిచ్చి, తరువాత తామరను ముఖమంతా పాకిస్తాయి. డాక్టరు రాసివ్వకుండా అలాంటిది ఏదీ పూసుకోవద్దు.

తాతగారి రేజరు విషయానికొస్తే, ఇత్తడిది కాబట్టి అది పాడైపోయి ఉండే అవకాశం తక్కువ. పలుచని బ్లేడును మార్చుకుంటూ వాడే ఈ పద్ధతికి కింగ్ క్యాంప్ జిలెట్‌కు 1904లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఆ బ్లేడు కొలతే తరువాత అందరికీ ప్రమాణమైంది కాబట్టి, ఈ రోజు కిరాణా కొట్లో కొన్న బ్లేడు పాత రేజరులో కూడా చక్కగా అమరుతుంది. విడదీసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మూలల్లోని చిలుము, ఎండిన సబ్బు పోయేలా తోమి, కడిగి ఆరబెట్టాక స్పిరిటులో కాసేపు ఉంచండి. తరువాత కొత్త బ్లేడు బిగించి, కంటి ఎత్తున పట్టుకుని చూడండి. బ్లేడు అంచు రెండువైపులా సమానంగా, కాస్త మాత్రమే బయటికి కనిపిస్తే వాడవచ్చు. ఒకవైపు ఎక్కువగా పొడుచుకు వస్తే అడుగు పళ్లెం వంగిందని అర్థం. దాన్ని జ్ఞాపకంగా దాచుకుని కొత్తది కొనండి.

కొత్తది కొనేటప్పుడు బ్లేడు కింద ఉండే పట్టీని చూడండి. దువ్వెన పళ్లలా విడివిడిగా ఉన్నవి ఒత్తయిన గడ్డానికి, అలవాటైన చేతికి. మీకు పళ్లు లేకుండా నిండుగా ఉండే పట్టీ కావాలి, అది బ్లేడుకు ముందు చర్మాన్ని చదును చేస్తుంది. పై మూత, అడుగు పళ్లెం, పిడి అని మూడు ముక్కలుగా విడిపోయే రకం కడగడానికి సులువు. పిడి అడుగున తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకునే రకంలో బ్లేడు మార్చడం తేలికే గానీ, సందుల్లో సబ్బు చేరుతుంది. బ్లేడు ఎంత బయటికి రావాలో తిప్పి మార్చుకునే రేజర్లు మీకిప్పుడు వద్దు. పిడికి గరుకు గీతలుండాలి, తడి చేతికి జారకూడదు. చేతికి బరువు తెలిసే లోహపు రేజరైతే ఆ బరువే పని చేస్తుంది, మీరు అదమనక్కర్లేదు. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన చర్మానికి మేలేమీ జరగదు.

నీళ్ల గురించి కూడా రాయాలి, ఎందుకంటే మీ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. తీరానికి దగ్గరైన ఊళ్లలో, చెరువులు ఎక్కువగా ఉన్నచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కఠినమైన నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయే గానీ నురుగు రానివ్వవు. నురుగు సరిగా లేకపోతే బ్లేడు ఎండు చర్మం మీద లాగుతుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు వేసవిలో కట్టేసిన రోజుల్లో అయితే ఇది మరీ తెలుస్తుంది. తాగడానికి తెచ్చుకునే టిన్ను నుంచి ఒక గ్లాసుడు నీళ్లు వేడి చేసి షేవింగుకు వాడుకోండి, చాలు.

ఇక చెయ్యి నేర్చుకోవడం. గీసుకోని రెండో రోజున గడ్డం మీద వేలితో నాలుగు దిక్కులా తడమండి. ఎటు నిమిరితే నున్నగా ఉంటుందో అది వెంట్రుకల వాటం. చెంపల మీద అది సాధారణంగా కిందికి ఉంటుంది, మెడ మీద పక్కలకూ పైకీ ఉండవచ్చు, కుడి ఎడమలకు తేడా ఉండవచ్చు. కాగితం మీద ముఖం బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టుకోండి. నేను చూసే కుర్రాళ్లలో చాలామంది మెడ మీద ఏళ్లుగా ఎదురు గీస్తూ, ఆ సంగతి తెలియకుండానే ఉంటారు.

సెలవు రోజున, స్నానం అయ్యాక, తొందర లేనప్పుడు మొదలుపెట్టండి. తడిసిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది కాబట్టి నురుగు పట్టించి రెండు మూడు నిమిషాలు ఆగండి. రేజరు తలను చెంపకు ఆనించి, పిడి ముఖం నుంచి నేరుగా బయటికి ఉండేలా పట్టుకుని, పిడి చివరను మెల్లగా కిందికి దించుతూ రండి. బ్లేడు అంచు వెంట్రుకకు తగలగానే ఆగండి. బ్లేడుకూ చర్మానికీ మధ్య దాదాపు 30 డిగ్రీల వాలు ఉంటుంది. మణికట్టు తిప్పకుండా, రెండో చేత్తో చర్మాన్ని కాస్త బిగపట్టి, అంగుళం పొడవు గీతలు వాటం వెంట గీయండి. సరైన వాలులో గీస్తే వెంట్రుకలు తెగే చిన్న గరగర చెవికి వినిపిస్తుంది. ఆ శబ్దం ఆగిందంటే ఒత్తిడి పెంచాలని కాదు, వాలు తప్పిందని. రేజరును ఎప్పుడూ బ్లేడు అంచు పొడవునా పక్కకు జరపవద్దు, తెగేది అక్కడే. మొదటి వారం రెండు చెంపలు మాత్రమే ఇలా చేసి, మిగతాది ట్రిమ్మరుతో సరిపెట్టుకోండి. గడ్డం కొన, పెదవి పైభాగం రెండో వారం. మెడ ఆఖరున, గొంతు మీద ఉబ్బెత్తుగా కనిపించే ముడి దగ్గర చర్మాన్ని పక్కకు జరిపి గీయాలి. మెడ మీద ఒక్కసారి వాటం వెంట గీసి ఆపేయండి. సాయంత్రానికి కాస్త గరుకు తగిలినా మీ చర్మానికి అదే క్షేమం. అద్దంలా నున్నగా ఉండాలన్న పట్టుదలే మీకు ఈ పొక్కులు తెచ్చింది.

అయ్యప్ప మాల తీసినవారికి కూడా ఒక మాట. 41 రోజుల గడ్డం మీద నేరుగా రేజరు పెట్టవద్దు, ముందు కత్తెరతోనో ట్రిమ్మరుతోనో పొట్టిగా చేసుకోండి.

చిన్న గాటు పడితే కంగారు అక్కర్లేదు. చన్నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో ఒకట్రెండు నిమిషాలు అదిమి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. తడిపిన పటిక రాసినా ఆగుతుంది, కానీ ఆ పటిక ముక్క మీ ఒక్కరిదే కావాలి. స్పిరిటు మంట ఉండే ఆఫ్టర్‌షేవ్ బదులు వాసన లేని మాయిశ్చరైజరు రాయండి. బ్లేడు మూడు నుంచి ఐదు షేవింగుల దాకా వస్తుంది, లాగుతున్నట్టు అనిపించిన రోజే మార్చండి. మార్చేటప్పుడు పదును లేని పొట్టి అంచుల దగ్గర పట్టుకోండి. రేజరును తడి బాత్రూములో వదలకుండా దులిపి బయట ఆరబెట్టండి.

రూములో స్నేహితులతో రేజరు పంచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. సెలూన్‌కు వెళ్లినా, మీ కళ్లెదుటే కొత్త బ్లేడు విరిచి సగం ముక్క వేయమని అడగండి. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోయి ఉంటే 0, 1, 6 నెలల్లో మూడు డోసులు వేయించుకోండి. వాడేసిన బ్లేడును చెత్తబుట్టలోనూ కాలువ గట్టు మీదా పడేయవద్దు. చెత్త ఎత్తే మనిషి చేతినో, గట్టున మేసే గేదె నోటినో అది కోస్తుంది. ఖాళీ రేకు డబ్బా మూతకు సన్నని చీలిక పెట్టి అందులో వేస్తూ ఉండండి.

నాలుగు వారాల విశ్రాంతి తరువాత కూడా పొక్కులు తగ్గకపోయినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, మచ్చలు గట్టిపడి ఉబ్బుతున్నా చర్మవ్యాధి నిపుణుణ్ణి మళ్లీ కలవండి. మీకు షుగరు ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటున్నా, రేజరు కొనకముందే ఆ సంగతి వారికి చెప్పండి.